లేని వంతెనకు ప్రారంభోత్సవం

ఈ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర తెలుసుకోవాలంటే గ్రంథాలయానికి పోనక్కర్లేదు, ఏటి ఒడ్డుకు పోతే చాలు. రోడ్డు ఆగిపోయే చోట ఆరు నల్లరాళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. ఆరూ ఒకే వంతెనకు వేసిన పునాదిరాళ్ళు. వంతెన లేదు.

ఏరు ఉంది. ఏటికి అడ్డంగా ఎత్తు లేని సిమెంటు చప్టా ఉంది. ఎండాకాలం దాని మీద లారీలు పోతాయి, వానాకాలం దాని మీద ఏరు పోతుంది. అవతలి ఒడ్డున మూడొందల గడప. ఆసుపత్రి, బడి, మార్కెట్టు, ఓట్లు లెక్కపెట్టే ఆఫీసు అన్నీ ఇవతలే. వానలున్నన్నాళ్ళూ అవతలివాళ్ళు పైనున్న మబ్బునీ కిందున్న నీళ్ళనీ చూసుకుంటూ కూర్చోవాలి, లేదా ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటాలి. దాటుతూ కొట్టుకుపోయినవాళ్ళున్నారు. పునాదిరాళ్ళు చెక్కిన చేతులే వాళ్ళ సమాధిరాళ్ళు కూడా చెక్కాయి.

ఆ చేతుల మనిషిదీ అవతలి ఒడ్డే. శిలాఫలకాలు చెక్కుతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ఫలకం అంటారు. మొదటి రాయి ఆయన తండ్రి చెక్కితే, ఈయన పక్కన కూర్చుని అక్షరాలకు రంగు నింపాడు. మిగతా అయిదూ ఈయనవే. దుకాణం ఇవతల, బస్టాండు వెనక సందులో ఉంటుంది. మూడు వైపులా గోడ, పైన రేకులు, నాలుగో వైపు రోడ్డు. నేల మీద జానెడు మందాన ఇసుక పోసి దాని మీద రాయిని పడుకోబెడతాడు. గట్టినేల మీద పెట్టి కొడితే దెబ్బకి అడ్డంగా చీలుతుంది. సుద్ద రాసిన దారం లాగి వదిలి గీతలు వేస్తాడు, కుంచెతో అక్షరాలు రాస్తాడు, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉలి పడతాడు. మన అక్షరాల్లో తిన్నని గీత ఒక్కటీ ఉండదు, అన్నీ వంపులే. వంపు దగ్గర ఉలి జారితే రాయి పెచ్చు లేస్తుంది, నాలుగు రోజుల పని మట్టి. తేదీ మాత్రం ఆఖర్న, రాయి నిలబెట్టిన చోటే, సభ రోజు పొద్దున చెక్కుతాడు. నాయకులు చెప్పిన రోజున రారని తండ్రి నేర్పిన మొదటి పాఠం.

మొదటి రాయి మీద రెండే వరసలున్నాయి. వంతెనకు పునాది, వేసినది ఫలానా శ్రీ. అంతే. ఆ శ్రీ ఒక వకీలు. సైకిలు మీద తిరిగి ఓట్లడిగాడు, గెలిచాడు, సైకిలు మానేశాడు. రెండోసారి కూడా ఆయనే గెలిచాడు. కొత్త రాయి వేయిస్తారా అని అడిగితే, ఉన్న రాయి బాగానే ఉందిగా అన్నాడట.

తర్వాత బస్సులాయన వచ్చాడు. ఊళ్ళో తిరిగే బస్సులన్నీ ఆయనవే. వంతెన పడితే అవతలి ఒడ్డుకీ బస్సు వేస్తానన్నాడు. లాభం ఉన్నవాడి మాట నమ్మొచ్చని జనం నమ్మారు. రెండో రాయి మీద పేరుకు ముందు 'గౌరవనీయులు' చేరింది. సగంలోనే ఆయన గుండె ఆగింది. ఉప ఎన్నికలో ఆయన భార్య నిలబడి, వేదిక మీద ఏడ్చింది. జనమూ ఏడ్చారు, ఏడుస్తూనే పోయి ఓట్లేశారు. బస్సులమ్మ చాలా మంచి మనిషని ఇప్పటికీ అంటారు. కావచ్చు. ఆవిడ వేసిన మూడో రాయి మీద భర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఆవిడ పేరు మధ్యరకం అక్షరాల్లో ఉంది, వంతెన సంగతి వెతుక్కుంటే కనిపిస్తుంది.

ఆ తర్వాత సరిహద్దులు మార్చారు. ఎవరో ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని పటం మీద గీత గీశారు. గీయడానికి ఏరు అనువుగా దొరికింది. అవతలి ఒడ్డు పక్క నియోజకవర్గంలోకి పోయింది. వంతెన దిగేది అవతల కదా, వాళ్ళనడగండి అన్నాడు ఇవతలి సభ్యుడు. ఎక్కేది ఇవతల కదా, వాళ్ళనడగండి అన్నాడు అవతలివాడు. ఆ అయిదేళ్ళూ రాయి కూడా పడలేదు.

ఫలకం భార్య తుంటి విరిగింది ఆ అయిదేళ్ళలోనే. పాదం మునిగేంత నీళ్ళే కదా అని కూరగాయల బుట్టతో చప్టా ఎక్కింది. మధ్యలో పాచి మీద కాలు జారింది. ఏరు ఆవిణ్ని అంచుదాకా ఈడ్చి, ఒక ఇనుప ఊచకు తగిలించి వదిలేసింది. పరామర్శకు ఏ సభ్యుడూ రాలేదు. పటం ప్రకారం ఆవిడ పడింది సరిగ్గా గీత మీద. అప్పట్నుంచి ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. నాలుక మాత్రం తిన్నగానే నడుస్తుంది.

గీత మళ్ళీ చెరిపారు. ఈసారి వకీలుగారి అల్లుడు మామ ఫోటో పట్టుకుని గెలిచి నాలుగో రాయి వేశాడు. రెండేళ్ళు తిరక్కముందే జెండా మార్చాడు, రాజీనామా చేశాడు, మళ్ళీ నిలబడ్డాడు. అదే జనం అతన్నే మళ్ళీ గెలిపించారు. జెండా కొత్తది కాబట్టి రాయీ కొత్తదే. నాలుగో రాయి పక్కన అయిదో రాయి మీద అదే మనిషి, తనను తాను ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. ఆరోది ఇప్పటివాడిది. బస్సులాయన కొడుకు. ఊళ్ళో చిన్నబస్సు అంటారు. ఆ రాయి మీద 'గౌరవనీయులు, ప్రియతమ, పేదల పెన్నిధి, అభివృద్ధి ప్రదాత' అంటూ అసలు పేరు వచ్చేసరికి సగం రాయి అయిపోయింది. మాటలు పెరిగిన కొద్దీ మనిషి తగ్గుతూ వచ్చాడు. ఇది కవిత్వం కాదు, వరసగా నిలబడి ఉంది, వెళ్ళి చదువుకోవచ్చు.

ఓడినవాళ్ళ చరిత్ర కూడా ఉంది. ఫలితాలు రాకముందే పోటీలో ఉన్న పెద్దవాళ్ళంతా రాళ్ళు చెక్కించి పెట్టుకుంటారు. గెలిచిన మర్నాడే పాతాలి, లేకపోతే చురుకుదనం లేనట్టు. ఓడినవాడు రాయి తీసుకుపోడు. ఫలకం దాన్ని బోర్లా తిప్పి, వెనకవైపు కాస్త గరుకు చేసి, అవతలి ఒడ్డున బట్టలుతుక్కోవడానికి ఇచ్చేస్తాడు. "ఓడినవాడే నయం, రోజూ పనికొస్తున్నాడు" అంటుంది ఆయన భార్య, తడిబట్ట బాదుతూ. ప్రతి ఎన్నికకీ ఆవిడ ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అని తిడుతూ లేస్తుంది, అందరికంటే ముందు వెళ్ళి ఓటేసి వస్తుంది.

ఇంతా చదివి ఫలకాన్ని అమాయకుడైన కళాకారుడని ఎవరూ జాలిపడనక్కర్లేదు. చెక్కేవాడికి చదవడం వచ్చు. ఏం చెక్కుతున్నాడో ఆయనకి ప్రతిసారీ తెలుసు. 'నాకెందుకు, అక్షరం బాగుందా లేదా అంతే' అనేవాడు. ఇంజనీరు సంతకం నాదే, వంతెన నాది కాదు అన్నాడు. కాంట్రాక్టరు బిల్లు నాదే అన్నాడు. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేశారు. ప్రజాస్వామ్యం అంటే అందరి చెయ్యీ ఉండటమే అయితే, ఈ ఏటి దగ్గర అది పుష్కలంగా ఉంది.

మరో ఎన్నిక దగ్గరపడ్డాక, వానలింకా మొదలవకముందు, చిన్నబస్సు సహాయకుడు దుకాణానికొచ్చాడు. సారు ఎక్కడుంటే వెనకాల అక్కడుంటాడు కాబట్టి అతన్ని నీడ అంటారు. బూట్లకి ఇసుక అంటకుండా గడప మీదే నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, బాగున్నావా?"

"బాగుంటే ఈ వయసులో రాళ్ళెందుకు కొడతాను? చెప్పు."

"రాయి కావాలి. పెద్దది. వంతెనకి."

"మళ్ళీనా? పోయినసారి వేసింది పగిలిందా?"

"పునాదిరాయి కాదు బాబాయ్. ప్రారంభోత్సవం."

ఫలకం సుత్తి కింద పెట్టాడు. "ఏ వంతెనకి?"

"నువ్వు రోజూ నడిచొచ్చేదానికే."

"అది చప్టా."

"రెండు పక్కలా ఇనుప పైపులు పెట్టించాం, రంగు వేయించాం, చూడలేదా? పైపులుంటే వంతెనే."

"మీ ఇంటి మెట్లకీ పైపులున్నాయి. వాటికీ ఒక రిబ్బను కత్తిరించండి."

నీడ నవ్వాడు. కోపం తెచ్చుకునే అధికారం అతనికి లేదు, అదంతా సారు దగ్గరే ఉంటుంది. "నీకెందుకు బాబాయ్ ఈ గొడవ? ఇచ్చిన మాటలన్నీ నిలబెట్టుకున్నామని పుస్తకం వేస్తున్నాం. ఒక ఫోటో కావాలి. రాయి, రిబ్బను, సారు. ఏరు పడకుండా తీస్తారులే."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, పనైపోయినట్టు. ఫైలు మూసేస్తారు. ఇంకెవడూ అడగడు, ఎవడికీ తలనొప్పి ఉండదు."

"మరి అసలుది కట్టరా?"

"కట్టినదాన్ని మళ్ళీ ఎవరు కడతారు బాబాయ్?"

పునాదిరాయి కూడా అబద్ధమే. కానీ అది రేపటి గురించి చెప్పే అబద్ధం. దాన్ని చూపించి ఎప్పుడు కడతారని నిలదీయొచ్చు, నలభై ఏళ్ళయినా నిలదీయొచ్చు. ప్రారంభోత్సవం నిన్నటి గురించి చెప్పే అబద్ధం. ఒకసారి రిబ్బను తెగి ఫోటో పడిందంటే అవతలి ఒడ్డుకి వంతెన అడిగే హక్కు కూడా పోతుంది. అడిగితే ఉందిగా అంటారు. వాళ్ళ పిల్లలు అడిగినా అదే అంటారు.

"నేను చెక్కను," అన్నాడు ఫలకం.

"మానెయ్. పక్క ఊళ్ళో మిషను పెట్టారు. కంప్యూటర్లో కొడితే గంటలో రాయి బయటికొస్తుంది. నీలాగా దగ్గదు కూడా. పాతవాడివి కదా అని మర్యాదకి నిన్ను అడిగాను." చెక్కాల్సిన మాటలున్న కాగితం గడప మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక రాతిముక్క ఉంచి, వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఫలకం ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, ఏటి వైపు చూసే వరండా. భార్య వరండాలో కాలు చాపుకుని కూర్చుంది. కోడలు అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడ దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేస్తుంది.

"చెక్కనన్నాను," అని ముగించి, మెచ్చుకుంటారేమోనని చూశాడు.

"ఆహా. గొప్ప పని చేశావు," అంది భార్య. "మిషను చెక్కుతుందిగా."

"మిషను సంగతి నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు. నీ ఉలి ఆగితే లోకం ఆగిపోతుందని నువ్వొక్కడివే అనుకుంటున్నావు. ఇన్నేళ్ళూ చెక్కినన్నాళ్ళూ చెక్కి, ఇవాళ చేతులు కడుక్కుంటే మడి అయిపోతావా? నువ్వు చెక్కిన రాళ్ళన్నీ తీసుకెళ్ళి ఆ ఏట్లో పడేసినా ఈపాటికి వంతెనయ్యేదయ్యా!"

కోడలికి నవ్వాగలేదు. "నిజమే మామయ్యా. పేర్లు పైకి పెట్టి వేసుంటే హాయిగా తొక్కుకుంటూ పోయేవాళ్ళం."

"ఆ రాళ్ళ మీద వచ్చిన తిండి తినలేదా మీరు?" అన్నాడు ఫలకం, మొహం ఎర్రబడి.

"తిన్నాను. ఆ ఏట్లోనే పడి తుంటి కూడా విరగ్గొట్టుకున్నాను. చెల్లుకి చెల్లు," అంది భార్య. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనేవాళ్ళుంటారని మా అమ్మ చెప్పేది. వీళ్ళు ఏరు దాటనే దాటరు. ఒడ్డు మీద నిలబడే బోడి మల్లన్న అంటున్నారు."

"ఓట్లకి వస్తారుగా అత్తయ్యా."

"వస్తారు. ఎండల్లో, కార్లో, అద్దం దించకుండా. నీళ్ళున్నప్పుడు ఈ రాళ్ళు వేసినవాళ్ళలో ఒక్కరైనా ఇటు కాలు పెట్టారా?" అంతలో ఆవిడ గొంతు మార్చి అడిగింది. "రాయి చెక్కాక నిలబెట్టేది ఎవరు?"

"నేనే. దిమ్మె కట్టేదీ నేనే, గుడ్డ కప్పేదీ నేనే."

"ముందుగా ఎవరైనా వచ్చి చూస్తారా?"

"ఎవడొస్తాడు? ఆ రోజు వచ్చి గుడ్డ లాగిపోతారు."

"అయితే చెక్కు. వాళ్ళు రాసిచ్చిందంతా, ఒక్క అక్షరం తప్పకుండా చెక్కు. ఇక్కడ నిలబెట్టు. మన ఒడ్డున. వాళ్ళు చెప్పిన రోజున ఎటూ రారు, వచ్చేసరికి ఏట్లో నీళ్ళుంటాయి."

ఫలకానికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక భయం వేసింది. "తంతారే!"

"తన్నాలన్నా ముందు ఏరు దాటాలి కదా," అంది ఆవిడ.

మర్నాడు ఆయన నీడకి ఫోను చేసి, కోపంలో ఏదో అన్నాననీ చెక్కుతాననీ చెప్పాడు. నీడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. జనం చివరికి ఒప్పుకుంటారని అతని అనుభవం. ఫలకం నల్లరాయి తెప్పించి ఇసుక మీద పడుకోబెట్టాడు. ఇంతకాలం నాయకుల రాళ్ళు అక్షరం చెడకుండా చెక్కేవాడు, మనసు మాత్రం సమాధిరాళ్ళ మీదే పెట్టేవాడు. ఈ రాయి మీద మాత్రం కసిగా కూర్చున్నాడు. 'వంతెన ప్రారంభోత్సవం' అన్న మాటలు ఎంత లోతుగా కొట్టాడంటే నీళ్ళు పోస్తే అందులో నిలబడ్డాయి. చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు చూసి, "ఏంటి మామా, ఈసారి సారు మీద అంత ప్రేమ?" అని ఏడిపించారు. "ఏం చేస్తాం, ముసలితనంలో పుట్టింది," అన్నాడు.

చప్టా ఇంకా పొడిగా ఉండగానే రాయిని ట్రాక్టరు మీద అవతలికి తీసుకుపోయాడు. దింపడానికి వచ్చిన కుర్రాళ్ళు పైన ఏముందో చదివి ముందు మండిపడ్డారు. ఒకడు గునపం తెస్తానని బయల్దేరాడు. ఫలకం భార్య వాణ్ని పేరు పెట్టి పిలిచి ఆపి, రెండు మాటల్లో సంగతి చెప్పింది. ఆ తర్వాత దిమ్మెకి ఇటుకలు, సిమెంటు ఎవరింట్లోంచి వచ్చాయో ఎవరూ అడగలేదు. కోడలు ఆసుపత్రిలో పక్కన పడేసిన దుప్పటి ఒకటి తెచ్చి ముసుగేసింది.

సభ రెండుసార్లు వాయిదా పడింది. సారుకి రాజధానిలో పని, తర్వాత సారుకి జలుబు. చివరికి ఎన్నికల ప్రకటన రాబోతోందని హడావుడిగా రోజు ఖాయం చేశారు. అప్పటికి వానలు వచ్చేశాయి. ముందు రోజు పైన కొండల్లో గట్టి వాన పడింది. పొద్దున్నకి చప్టా మీద మోకాలి లోతున ఎర్రనీళ్ళు పరుగెడుతున్నాయి. కొత్త పైపులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి, పసుపురంగు వేసుకుని.

షామియానా వాళ్ళు ఇవతల ఒడ్డున పందిరి వేశారు, మైకు పెట్టారు. వాళ్ళ మేస్త్రీ అవతల ఒడ్డున దుప్పటి కప్పిన దిమ్మెనీ, దాని పక్కన ఉలి పట్టుకుని తేదీ చెక్కడానికి కూర్చున్న ఫలకాన్నీ చూశాడు. "రాయి అక్కడుందేంటి మామా?" అని అరిచాడు. "అక్కడే ఉండాలి," అని ఫలకం అరిచాడు. మేస్త్రీ కాస్త ఆలోచించాడు. అతనికి చెప్పింది కుర్చీలు వెయ్యమని. ఏటికి ఎదురుగా వేశాడు.

కార్లు వచ్చాయి. చిన్నబస్సు దిగాడు. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు, ఎవరికి పడితే వాళ్ళకి చేతులు జోడించే అలవాటు. నీడ ఆరు రాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు, ఒక్కో రాయి వెనక్కీ తొంగి చూశాడు, ఏడోది కనపడలేదు. అప్పుడు తలెత్తి ఏటి అవతల చూశాడు. అక్కడ మూడొందల గడపా నిలబడి ఉంది.

మైకు లాక్కుని అరిచాడు. "బాబాయ్! నీకేమన్నా మతి పోయిందా? రాయి అక్కడ పెట్టావేంటి?"

"ఇది పునాదిరాయి కాదుగా బాబూ!" అన్నాడు ఫలకం, ఉలి ఎత్తి చూపిస్తూ. "దానికైతే ఆ ఒడ్డు చాలు. ప్రారంభోత్సవం అంటే వంతెన దాటాలి. వంతెన ఉందిగా, రండి!"

అవతలి ఒడ్డు ఒక్కసారిగా నవ్వింది. ఇవతల ఒడ్డున కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వొచ్చినా, ఎవరు చూస్తున్నారోనని దగ్గారు. చిన్నబస్సు మైకు అందుకున్నాడు. తండ్రి గొంతు, తల్లి తడి రెండూ కలిసిన గొంతు అది. "పెద్దాయనా, మీ అందరి ఆశీర్వాదం వల్లే ఈ వంతెన..."

"ఆశీర్వాదం దగ్గరికొస్తే ఇస్తాం నాయనా!" అంది ఫలకం భార్య. దిమ్మె పక్కన రాతి మీద కూర్చుని ఉంది, లేవలేదు. "మీ నాన్న రాలేదు, మీ అమ్మ రాలేదు. నువ్వైనా రా. నీళ్ళు మోకాలి దాకే. కొత్త పైపులు వేయించావటగా, పట్టుకుని రా."

"వాన తగ్గాక వస్తానమ్మా. తప్పకుండా వస్తాను."

"మంచిది. మా ఆడవాళ్ళ నొప్పులకీ, పిల్లల జ్వరాలకీ ఆ మాటే చెప్పు. వాన తగ్గాక రమ్మను. నీ మాట వింటాయేమో!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జనంలో వెనకనుంచి ఒకామె తన కొడుకు పేరు పెట్టి ఏదో అరిచింది. ఫలకం ఆ పేరుతో సమాధిరాయి చెక్కి మూడేళ్ళయింది. ఆమె అరుపు మైకులో పడలేదు కానీ ఏరు దాటింది. చిన్నబస్సు మొహంలో నవ్వు ఉండాల్సిన చోటే ఉండిపోయింది, దించడం మర్చిపోయాడు.

అప్పుడు అతని అనుచరులిద్దరికి పౌరుషం వచ్చింది. "సార్, మేం భుజాల మీద ఎత్తుకుంటాం, మీ బూటు తడవనివ్వం," అన్నారు. ముందు లోతు చూస్తామని నీళ్ళలోకి దిగారు. పది అడుగులు వేయకుండానే ఒకడికి పాచి మీద కాలు జారింది. పక్కనున్న పసుపురంగు పైపు పట్టుకున్నాడు. పైపు అతనితో పాటే వచ్చింది. కింద సిమెంటు లేదు, చప్టాకి చిన్న గుంట చేసి మట్టితో కూరారు. మట్టి పొద్దున్నే కొట్టుకుపోయింది. మనిషి పైపుని కావిలించుకుని నీళ్ళలో కూర్చుండిపోయాడు. రెండోవాడు అతని చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగాడు. ఏరు పడకుండా తీయాల్సిన ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ బటన్ నొక్కాడు. మూడు నిలువు పైపులు ఒకదాని వెనక ఒకటి వంగి, నీళ్ళలోకి పోయాయి.

చిన్నబస్సు కారెక్కాడు. చేతులు జోడించలేదు. ఆ రోడ్డు మీద కారు తిప్పుకునే చోటు లేదు, వంతెన వస్తే ముందుకే పోతాయి కదా అని ఎవరూ చోటు వదల్లేదు. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి వెనక్కి పాకాయి, ఆరు పునాదిరాళ్ళ పక్కనుంచి, హారన్లు కొట్టుకుంటూ. నీడ చేతిలో మైకు ఇంకా ఉంది. "నీ దుకాణం ఎలా నడుస్తుందో చూస్తా ముసలోడా!" అన్నాడు. అది ఊరంతటికీ వినిపించింది.

మాట నిలబెట్టుకున్నాడు. ఈ కథలో నిలబడిన హామీ అదొక్కటే. బస్టాండు వెనక సందు రోడ్డు వెడల్పు చేయడానికి కావాలని కాగితం వచ్చింది. రోడ్డు వెడల్పు కాలేదు కానీ దుకాణం పోయింది. ఫలకం ఇప్పుడు ఇంటి వరండాలోనే ఇసుక పోసుకుని చెక్కుతున్నాడు. వంటింట్లోకి దుమ్ము వస్తోందని భార్య రోజూ తిడుతుంది.

ఎన్నికల్లో చిన్నబస్సే గెలిచాడు. ఇవతలి ఒడ్డు పెద్దది, దానికి వంతెన అక్కర్లేదు. ప్రజలు ఎప్పుడూ సరైన తీర్పే ఇస్తారని పత్రికలు రాశాయి. కానీ అచ్చయిన పుస్తకంలో వంతెన లేదు. ఫైలు మూయలేకపోయారు. పుస్తకానికి పనికొచ్చే ఫోటో లేదు, పైపులు లేవు, రాయి అవతలుంది, దాన్ని తేవాలంటే మూడొందల గడప మధ్యలోకి పోవాలి. పని జరుగుతోందని శాసనసభలో జవాబు చెప్పారట. దేశంలో ఇంకెక్కడైనా ఇది పరాజయం. ఇక్కడ, కట్టనిదాన్ని కట్టామని రాసుకోకుండా ఆపడమే ఇన్నేళ్ళ చరిత్రలో అవతలి ఒడ్డు గెలిచిన ఒకే ఒక్క ఎన్నిక. ఇలాంటి గెలుపుతో మనుషులు సంతోషపడాల్సి రావడం కంటే సిగ్గుచేటు లేదు.

మొన్న కోడలు ఆసుపత్రి నుంచి వస్తూ, చెప్పులు చేత్తో పట్టుకుని ఏరు దాటి, వరండా ఎక్కింది.

"అత్తయ్యా, ఇవాళ ఏటి దగ్గరికి ఆఫీసు వాళ్ళొచ్చారు. టేపు పెట్టి కొలుస్తున్నారు."

ఫలకం సుత్తి ఆపాడు. భార్య కాలు ముడుచుకుని ముందుకు జరిగింది. "ఏం కొలిచారు?"

"ఆ ఆరు రాళ్ళ పక్కన స్థలం. ఇంకోటి పట్టేంత చోటుందా లేదా అని."

"ఏరు కొలవలేదా?"

"లేదత్తయ్యా. అటు చూడనైనా లేదు."